బ్రౌజరును పరీక్షించు విధము

సంతలో ఎద్దును కొనదలచిన రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి మోసపోడు. నోరు తెఱచి పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించును, వీలైన యెడల కాడి గట్టి యొక చాలు దున్నించును. అట్లు పరీక్షించిన పిమ్మటనే రొక్కము లెక్కపెట్టును. ఆ రైతే యింటికి వచ్చి, కుమారుని చదువునకును, పంట బీమాకును, బ్యాంకి లెక్కకును నిత్యము వాడు బ్రౌజరును మాత్రము ఏ పరీక్షయు లేకయే అంగీకరించుచున్నాడు. ఫోనుతో వచ్చిన దేదియో అదియే వాడుచున్నాడు. విద్యావంతులమని చెప్పుకొను మేమును ఇందుకు భిన్నులము గాము. కావున ఈ సంచికయందు బ్రౌజరును పరీక్షించు విధమును గూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంత తెలుపదలచితిమి.

మాకు పాఠము నేర్పిన సాయంకాలము

పదవ తరగతి ముగించిన యొక బాలిక తల్లి, ఒక ప్రవేశ దరఖాస్తునకు గడువు ముగియు దినమున, సాయంకాలము ఫోను పట్టుకొని పాఠశాలకు వచ్చెను. "సారూ, ఈపొద్దే కడ దినమంట. ఎంత నొక్కినా తెరుసుకోలేదు" అని ఆమె మొఱపెట్టుకొనెను. తెఱపై ఎఱ్ఱని హెచ్చరిక గుర్తును, దాని క్రింద ఆంగ్లమున రెండు పంక్తులును గలవు. మేము వానిని చదువలేదు. "ఈ బ్రౌజరు పనికిరాదమ్మా" అని తీర్పు చెప్పి, మఱియొక బ్రౌజరుతో చూచితిమి. అదియు నిరాకరించెను. సిగ్నలు చాలదేమోయని మేడ యెక్కితిమి, ప్రయోజనము లేకపోయెను.

తుదకు తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఆ ఫోనులోని తేదీని చూపి, "సార్, ఈ ఫోను మూడేండ్లు వెనుకబడియున్నది" అనెను. చార్జి పూర్తిగా అయిపోయి చాలకాలము మూలబడిన ఆ ఫోనులో తేదీ తప్పిపోయినది. మొదటి బ్రౌజరు ఆ రెండు పంక్తులలో చెప్పిన మాటయు అదియే: మీ గడియారము వెనుకబడినదని. తేదీని సరిచేయగా పుట తెఱచుకొనెను గాని, దరఖాస్తు పూర్తిచేయులోపల గడువు దాటిపోయెను. ఆ బాలికకు మలివిడతలో చోటు దొరకినది. ఆమె కోరిన చోట దొరకలేదు. తప్పు మాది. ఆ తల్లి మమ్ము ఒక్క మాటయు అనలేదు. అందువలననే ఆ సంగతి మా మనస్సును వీడకున్నది.

తేదీకిని పుటకును సంబంధ మేమని విద్యార్థు లడుగవచ్చును. క్షేమకరమైన ప్రతి పుటకును ధ్రువపత్ర మొకటి యుండును. అది ఏ దినము మొదలు ఏ దినము వఱకు చెల్లునో దానియందే వ్రాయబడియుండును. బ్రౌజరు ఆ దినములను ఫోనులోని తేదీతో సరిచూచును. ఫోను మూడేండ్లు వెనుకబడిన యెడల నేటి ధ్రువపత్రము దానికి ఇంకను పుట్టని పత్రముగా కనబడును. అప్పుడు బ్రౌజరు తలుపు తీయదు. కాబట్టి మేము పనికిరాదని త్రోసివేసిన బ్రౌజరు నిజమునకు నమ్మకమైన కావలివాని పని చేసినది.

ఇందువలన మొదట నేర్చుకొనదగిన నియమ మేమనగా, తప్పు ఎవరిదో తెలియక తీర్పు చెప్పరాదు. మన తాతలు కపిలతో నీరు తోడిన దినములలో, నీరు రాకున్న యెడల బావి యెండెనా, మోకు తెగెనా, బాన చిల్లిపడెనా, ఎద్దులు అలసెనా అని నాలుగును విచారించెడివారు. ఇచ్చటను పక్షములు నాలుగే. పుటను దాచియుంచిన దూరపు యంత్రము బావి, నెట్‌వర్కు మోకు, బ్రౌజరు బాన, మన ఫోను ఎద్దులు. ఒకే పుట రెండు బ్రౌజర్లలోను రాకున్న యెడల బానను నిందింపక తక్కిన మూటిని చూడవలెను. ఒకదానిలో వచ్చి మఱియొకదానిలో రాకున్నప్పుడే బ్రౌజరును అనుమానింపవలెను.

బ్రౌజరనగా నేమి?

మనము చిరునామా నొసగగా బ్రౌజరు దూరమున నున్న సర్వరను యంత్రము నడిగి పుటను తెప్పించును. అట్లు వచ్చునది సిద్ధమైన చిత్తరువు గాదు. గుర్తులతో నిండిన వ్రాత. ఏ పంక్తి శీర్షికయో, ఏ బొమ్మ యెచ్చట నుండవలెనో, ఏ మీట నొక్కిన నేమి జరుగవలెనో ఆ వ్రాత చెప్పును. దానిని చదివి, గ్రహించి, తెఱపై కూర్చుట బ్రౌజరు పని. కావున అది మనకును దూరపు యంత్రమునకును నడుమ నిలిచిన దుబాసీ వంటిది. తెలుగున దీనిని విహారిణి యనువారును గలరు. జనులు బ్రౌజరనియే పిలుచుచున్నారు గనుక మేమును అట్లే వ్రాయుచున్నాము.

మొదటి బ్రౌజరును 1990వ సంవత్సరాంతమున జెనీవా నగరమునొద్దనున్న సెర్న్ పరిశోధనాలయమునందు టిం బెర్నర్స్-లీ రచించెను. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున పుట్టిన మొజాయిక్ వ్రాతతోపాటు బొమ్మలను గూడ ఒకే పుటలో చూపి సామాన్యుల నాకర్షించెను. తరువాత 1994లో నెట్‌స్కేపును, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును, 2003లో సఫారీయు, 2004లో ఫైర్‌ఫాక్సును, 2008లో క్రోమును వెలువడెను. ఒకప్పుడు లోకమంతటను ఏలిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును దాని కర్తలే 2022 జూను 15వ తేదీన విరమింపజేసిరి. ప్రసిద్ధి యొకటియే యోగ్యతకు గుర్తు కాదనుటకు ఇది చాలును.

బ్రౌజరు లోపల పుటను చదివి కూర్చు భాగమునకు ఇంజనని పేరు. బ్రౌజర్ల పేర్లు అనేకములైనను ముఖ్యమైన ఇంజన్లు మూడే. క్రోము, ఎడ్జి, ఒపెరా, బ్రేవు మొదలగువానిలో నున్నది బ్లింకు. సఫారీలో నున్నది వెబ్‌కిట్. ఫైర్‌ఫాక్సులో నున్నది గెకో. క్రోమును ఎడ్జిని పోల్చువాడు ఒకే ఇంజను గల రెండు బస్సులను పోల్చుచున్నాడని యెఱుగవలెను. అట్టివాని భేదము ముఖ్యముగా ఆసనములలోను, సామాను పెట్టు చోటులోను, టిక్కెట్టు కొట్టువాని నడవడిలోను కానవచ్చును.

మన దేశమున జరిగిన పరీక్ష

బ్రౌజరును పరీక్షించుట పిల్లల ఆట కాదు. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖవారు 2023 ఆగస్టులో స్వదేశపు బ్రౌజరు కొఱకు ఒక పోటీని ప్రకటించిరి. బహుమానముల మొత్తము 3 కోట్ల 41 లక్షల రూపాయలు. ఫలితములు 2025 మార్చిలో వెలువడెను. చెన్నైకి చెందిన జోహో సంస్థవారు మొదటి బహుమానముగా 1 కోటి రూపాయలు పొందిరి. పింగ్ అను జట్టు 75 లక్షలును, అజ్ఞా అను జట్టు 50 లక్షలును పొందెను. జోహోవారి బ్రౌజరు పేరు ఉలా. తమిళమున ఆ మాటకు సంచారమని భావము.

ఆ పోటీలో కోరిన గుణములను గమనింపుడు. భారతీయ భాషలలో వాడుటకు వీలు, అంగవైకల్యము గలవారికి సౌలభ్యము, పిల్లలకు తగిన కాపుదల, పత్రములపై డిజిటల్ సంతకము చేయు వసతి, మన దేశపు మూల ధ్రువపత్రమును నమ్మదగినవాని పట్టికలో చేర్చుట. వీనిలో వేగమును గూర్చిన మాట లేకపోవుట వింత గాదు. వేగము బ్రౌజరునకు ఉండవలసిన గుణములలో నొకటి మాత్రమే. ఉలా బ్రౌజరును మనము వాడవలెనా? బహుమానము పొందినదని మాత్రము వాడరాదు. అన్నిటివలెనే పరీక్షించి వాడవలెను. దాని లోపలి ఇంజను గూడ బ్లింకే యని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక పరీక్షను నాలుగు భాగములుగా విభజింతము.

మొదటిది: రూపము

రూపమనగా రంగు గాదు. బొటనవ్రేలికి మీటలు అందుచున్నవా? అక్షరములను పెద్దవి చేసినపుడు పంక్తులు తెఱ దాటిపోక లోపలనే సర్దుకొనుచున్నవా? చిరునామా స్పష్టముగా కనబడుచున్నదా? హెచ్చరిక వచ్చినపుడు అది చదువువానికి తెలిసిన భాషలో నున్నదా? ఆ సాయంకాలము ఫోనులోని భాషను తెలుగునకు మార్చియుంచిన యెడల ఆ తల్లియే హెచ్చరికను చదివికొనియుండెడిది. ఆండ్రాయిడు ఫోనులలో క్రోముగాని, ఫైర్‌ఫాక్సుగాని తెలుగున వాడుకొనవచ్చును. ఈ యొక్క మార్పునకు ఖర్చు లేదు.

మన అక్షరములను బ్రౌజరు ఎట్లు చూపునో అదియు రూపములోని భాగమే. యూనికోడను అంతర్జాతీయ పట్టికలో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ పద్ధతి వ్యాపింపక మునుపు మన వార్తాపత్రికలు తమ తమ సొంత అక్షరములను పుటలలో వాడెడివి. ఆ అక్షరములు లేని యంత్రములో తెలుగు వార్త అర్థము లేని రోమను గుర్తులుగా కనబడెడిది. ఆ దినములలో ఫైర్‌ఫాక్సునకు చేర్చుకొను పద్మ అను పరికర మొకటి యట్టి పుటలను యూనికోడునకు మార్చి చదివించి, తెలుగువారికి గొప్ప ఉపకారము చేసినది.

నేడును ఒత్తులు, గుణింతములు కలిసిన చోటనే పరీక్ష. 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చెప్పుకొనిన సంగతి యొకటి కలదు. జ్ఞా అను మన అక్షరము నడుమ కంటికి కానరాని విడదీయు గుర్తు చేరిన యొక కూర్పు ఆపిల్ ఫోనులలోనికి రాగా, దానిని గీయలేక సందేశముల యంత్రాంగము మొదలు బ్రౌజరు వఱకు మూతపడెను. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థవారు దిద్దుబాటు పంపిరి. జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే అంత గొప్ప యంత్రమును తడబఱచినది! సామాన్యమైన ఆంగ్ల పుటతో చేసిన పరీక్ష మనకు చాలదని దీనివలన తెలియుచున్నది.

అభ్యాసమునకై ఇంటిలోని నిధియే యున్నది. 1820లో కడపకు ఉద్యోగమున వచ్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయమువారు తమ పుటలపై వెదకుటకు వీలుగా నుంచియున్నారు. కడపలో ఆయన నివసించిన బంగళా చోటున నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రము నడుచుచున్నది. ఆ నిఘంటువును తెఱచి స్త్రీ, జ్ఞానము, రాష్ట్రము, శాస్త్రము అను మాటలను వెదకుడు. ఒత్తులు చెదరక నిలిచెనా, అక్షరములు పెద్దవి చేసినను కలిసియుండెనా, పుటలో మాటను వెదకు సౌకర్యము తెలుగు మాటను పట్టుకొనెనా చూడుడు.

రెండవది: సౌకర్యములు

సౌకర్యముల పట్టిక పొడుగైన కొలది బ్రౌజరు మంచిదనుకొనుట భ్రమ. మనము వాడని సౌకర్యము వాడని పాత్ర వంటిది. చోటును మాత్రము ఆక్రమించును. మన ప్రాంతపు విద్యార్థికి అక్కఱయైనవి కొన్నియే. సిగ్నలు లేని ఊరిలో చదువుకొనుటకు పుటను ముందుగానే దాచుకొను వసతి. చదువనేరని అవ్వకు పుటను చదివి వినిపించు వసతి, అది తెలుగును గూడ చదువునో లేదో చూడవలెను. ప్రకటనలను అడ్డగించు వసతి. ఈ కడపటి దానికై ఆండ్రాయిడు ఫోనులో ఫైర్‌ఫాక్సువారు 2023 డిసెంబరు నుండి అనేక పొడిగింపులకు తలుపు తెఱచిరి. అయితే పొడిగింపు మనము చదువు పుటలన్నిటిని తానును చదువగలదు. కర్త యెవరో తెలియని దానిని చేర్చుకొనరాదు.

రహస్య కిటికీని గూర్చి యొక మాట. దానిని తెఱచినవాడు తన్ను ఎవరును చూడలేరనుకొనును. అది ఆ ఫోనులో చరిత్రను నిలుపకుండుట మాత్రమే చేయును. నెట్‌వర్కు నడుపువారును, ఆ పుటవారును చూడగలరు. ఈ విషయమై అమెరికాలో 2020లో గూగులుపై వ్యాజ్యము పడగా, 2024 ఏప్రిలులో ఆ సంస్థ తాను పోగుచేసిన వివరములను నాశనము చేయుటకు అంగీకరించెను. పేరును నమ్మక పనిని విచారింపవలెను.

మూడవది: పనితనము

పనితనమును కొలుచుటకు పండితులు ప్రశ్నపత్రములు తయారుచేసిరి. 2008లో వెలువడిన ఆసిడ్ 3 అను పరీక్షలో 100 మార్కులు. బ్రౌజర్ల కర్తలందఱును పోటీపడి నూటికి నూఱు తెప్పించుకొనిరి. అందఱికిని నూఱు వచ్చిన పిదప ఆ పరీక్ష ఎవరి యోగ్యతను తెలుపలేకపోయెను. ప్రశ్నలు ముందే తెలిసిన పరీక్షలో బాలురు ఏమి చేయుదురో ఉపాధ్యాయులమైన మాకు తెలియును. 2024 మార్చిలో ఆపిల్, గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్టు సంస్థలు కలిసి స్పీడోమీటరు 3.0 అను క్రొత్త పరీక్షను వెలువరించినవి. మనుష్యుడు పుటపై చేయు పనుల వంటివానినే అది చేయించి కొలుచును. పోటీదారులందఱు కలిసి ఒప్పుకొనిన కొలత యగుట దాని గుణము. కాని అది మన ఊరి సిగ్నలును కొలువదు, మన ఫోను చార్జిని కొలువదు.

కావున మా తరగతిలో మేమే యొక పరీక్ష చేయించితిమి. ఒక జట్టు ఉదయమున నొక బ్రౌజరును, మఱియొక జట్టు మధ్యాహ్న భోజన వేళ వేఱొక బ్రౌజరును పరీక్షించెను. ఉదయపు బ్రౌజరు గెలిచినదని చప్పట్లు కొట్టితిమి. మఱునాడు వేళలు మార్చి చేయించగా ఓడినదే గెలిచెను! భోజన వేళ ఊరంతయు ఫోనులు పట్టుకొనుటచేత మోకు బరువెక్కెను; మేము బానను నిందించితిమి. ఇంకొక పొరపాటును జరిగినది. ఒక జట్టు లోగడ తెఱచిన పుటనే మఱల తెఱచెను. బ్రౌజరు ఒకసారి తెచ్చిన బొమ్మలను దాచుకొనును గనుక రెండవసారి వేగముగా చూపును. కొత్త పుటను పాత పుటతో పోల్చుట న్యాయము గాదు.

వేగముతోపాటు జ్ఞాపకశక్తిని ఎంత తినుచున్నదో, చార్జిని ఎంత తగ్గించుచున్నదో, డేటాను ఎంత వాడుచున్నదో గూడ కొలువవలెను. తక్కువ ధర ఫోను గల ఇంటికి ఈ మూడే ప్రధానములు. ఒపెరా మినీ వంటి బ్రౌజర్లు పుటను ముందుగా తమ సర్వరులలో కుదించి మనకు పంపును. డేటా మిగులును, కాని మన పుట మూడవవాని చేతి మీదుగా వచ్చుచున్నదని మఱువరాదు. సినిమా వార్తలకు అది చాలును. బ్యాంకి పనికి ఆలోచింపవలెను.

నాలుగవది: నమ్మకము

రూపము, సౌకర్యము, పనితనము మూడును బాగుండియు బ్రౌజరు చెడ్డదగుట కలదు. యూసీ బ్రౌజరు చవుక ఫోనులలో వేగముగా నడచుచు, డేటాను మిగుల్చుచు మన దేశమున విస్తారముగా వ్యాపించెను. 2015లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయపు సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు దానిని విప్పి చూచి, వాడువారి వివరములు తగిన కాపుదల లేక బయటికి పోవుచున్నవని ప్రకటించిరి. 2020 జూను 29న భారత ప్రభుత్వము దానిని మఱి 58 యాపులతో కలిపి నిషేధించెను. వేగమునుబట్టి దానికి మొదటి మార్కు వేసినవారు ఏమి కోల్పోయిరో వారికే తెలియకపోయెను.

మనయొద్ద వెల తీసికొనని బ్రౌజరు ఎవరి సొమ్ముతో బ్రదుకుచున్నది? ఇది మంచి ప్రశ్న. సఫారీలో తన వెదకులాట యంత్రమును ముందుంచుటకై గూగులు 2022లో ఆపిలునకు 2000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానపు విచారణలో బయటపడెను. మన యొక్కొక్క వెదకులాటకు అంత విలువ యున్నదన్నమాట. మన వెంట పుట నుండి పుటకు నడచి గుర్తులు వ్రాసికొను కుకీల విషయమున సఫారీ 2020 నుండి ఇతరుల కుకీలను నిరాకరించుచున్నది. ఫైర్‌ఫాక్సు 2022 నుండి వానిని వేఱువేఱు గదులలో బంధించుచున్నది. క్రోమువారు తీసివేయుదుమని చెప్పి, 2024 జూలైలో ఆ యుద్దేశమును మార్చుకొనిరి. పేరు పెద్దదని నడవడిని విచారింపకుండరాదు.

ఇంకొకటి: కర్తలు తఱచుగా దిద్దుబాట్లు పంపుచున్నారా? ఏండ్ల తరబడి దిద్దుబాటు రాని బ్రౌజరు గొళ్లెము ఊడిన తలుపు.

పరీక్షించునప్పుడు పాటింపవలసిన నియమములు

1. ఒకే ఫోను, ఒకే నెట్‌వర్కు, ఒకే వేళ, ఒకే పుట. మార్చునది బ్రౌజరు మాత్రమే.
2. ముందుగా తేదీని, సిగ్నలును, చార్జిని సరిచూచుకొనుడు.
3. ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు; కనీసము అయిదుసారులు చూచి నడిమి ఫలితమును గైకొనుడు.
4. మీరు నిత్యము వాడు పుటలతోనే పరీక్షింపుడు. వానిలో నొకటి తెలుగు పుటయై యుండవలెను.
5. హెచ్చరిక వచ్చినపుడు మొదట చదువుడు. చదువలేకున్న చదువగలవానిని పిలువుడు.
6. నాలుగు భాగములకు మార్కులు వేయుడు. నమ్మకమున తప్పినది తక్కినవానిలో ఎన్ని మార్కులు తెచ్చుకొన్నను ఉత్తీర్ణము కారాదు.

ఇట్లు పరీక్షించిన పిదప ఒక ఇంటికి ఒకటియు, మఱియొక యింటికి వేఱొకటియు తగినదిగా తేలవచ్చును. అది లోపము గాదు. నల్లరేగడికి తగిన గుంటక ఎఱ్ఱనేలకు తగదు. ఎవరి యవసరమునుబట్టి వారు ఏర్పఱచుకొనుటయే వివేకము.

అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో, సమస్తమును పరీక్షించి మేలైన దానిని విడువక పట్టుకొనుడని విశ్వాసులకు ఉపదేశించెను. ఆ మాటను ఆత్మసంబంధమైన సంగతులకే గాక, చేతిలోని సాధనములకును వర్తింపజేసికొందము. పరీక్షింపక నిందించుటవలన ఒక బాలిక కోరిన చోటు పోయెను. పరీక్షింపక నమ్ముటవలన కలుగు నష్టము అంతకంటె తక్కువ గాదు.

అభ్యాసము

1. ఒక పుట మీ ఫోనులో తెఱచుకొనలేదు. బావి, మోకు, బాన, ఎద్దులు అను నాలుగింటిలో తప్పు దేనిదో కనుగొను క్రమమును వ్రాయుము.
2. తేదీ తప్పిన ఫోనులో క్షేమకరమైన పుట ఏల తెఱచుకొనదు?
3. మీ ఇంటి ఫోనులోని బ్రౌజరు భాషను తెలుగునకు మార్చి, నీ తల్లిచేత గాని, అవ్వచేత గాని ఒక పుటను తెఱపించుము. వారికి అర్థము కాని మాటలను వ్రాసికొని తరగతికి తెమ్ము.
4. రెండు బ్రౌజర్లను పై నియమముల ప్రకారము పోల్చి, నాలుగు భాగములకు మార్కులు వేసి, నీ తీర్పునకు కారణములు తెలుపుము.